జర్మన్ భాషలో తారుమారయ్యే మాటలు

ఉన్నత విద్యకో, నర్సు ఉద్యోగానికో జర్మనీ వెళ్లదలచినవారికి వ్యాకరణం ఎంత చిక్కో, ఒకదానినొకటి పోలిన మాటలూ అంతే చిక్కు. వాటిని విడదీసే గుర్తు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుంది.

తెలియడం: "ఆయన తెలుసు", "ఆ సంగతి తెలుసు" అని మనం ఒకే మాట వాడతాము. జర్మన్‌లో మనిషితోగాని ఊరితోగాని పరిచయముంటే 'కెన్నెన్', ఒక సంగతి ఎరుకలో ఉంటే 'విస్సెన్'. భాష విషయంలో మాత్రం మనం "వచ్చు" అన్నట్లే వారికీ వేరొక క్రియ ఉన్నది: 'క్యొన్నెన్'.

చుక్కలు: ఆ, ఓ, ఊ అక్షరాలపై రెండు చుక్కలు పడితే ధ్వనితోపాటు అర్థమూ మారుతుంది. 'త్సాలెన్' అంటే చెల్లించడం, చుక్కలు పెడితే 'త్సేలెన్', లెక్కించడం. 'డ్రుకెన్' అచ్చువేయడం, 'డ్ర్యుకెన్' నొక్కడం లేక తోయడం. తలుపులపై కనిపించేది ఈ రెండవదే. పెదవులను 'ఊ' అనేటట్లు గుండ్రంగా ఉంచి 'ఈ' అంటే చుక్కల 'ఊ' పలుకుతుంది.

లింగం: 'డేర్' అనే పుంలింగ పదం ముందుంటే 'జే' సరస్సు, 'డీ' అనే స్త్రీలింగ పదం ఉంటే సముద్రం. 'డేర్ లైటర్' అధిపతి, 'డీ లైటర్' నిచ్చెన.

ఊనిక: 'ఉమ్‌ఫారెన్'లో 'ఉమ్'ను ఒత్తి పలికితే వాహనంతో గుద్ది పడవేయడం, 'ఫా'ను ఒత్తితే చుట్టి తప్పించుకొని పోవడం. రాతలో భేదం లేదు.

ధ్వని ఒకటే, రాత వేరు: 'డాస్' చివర ఒక సకారముంటే "అది" లేక "ఏదైతే", రెండుంటే "అని". రెండవదానిని పూర్వం ప్రత్యేకమైన అక్షరంతో రాసేవారు. 1996లో అంగీకరించి 1998 ఆగస్టు 1న అమలుచేసిన సంస్కరణతో జంట సకారం వచ్చింది.

తోచడం: "నొప్పి తగ్గినట్లున్నది" అని నమ్మి చెప్పేటప్పుడు 'అన్‌షైనెంట్' వాడాలి. పైకి అట్లా కనిపించినా నిజం కాదనేటప్పుడు 'షైన్‌బార్'. వాడుకలో జర్మన్లు సైతం వీటిని కలిపివేస్తారు. కాని రోగి గురించి రాసే నివేదికలో ఆ తేడా చిన్నది కాదు.

ఇంగ్లీషు పోలిక: 'గిఫ్ట్' కానుక కాదు, విషం. 'బెకొమ్మెన్' అంటే కావడం కాదు, పొందడం.

వేళ: అన్నిటికన్న ఎక్కువ నష్టం కలిగించగలది ఇదే. 'హాల్ప్ ఆఖ్ట్' అంటే మాటకు మాట "సగం ఎనిమిది". దానిని ఎనిమిదిన్నర అనుకొని బయలుదేరితే ఇంటర్వ్యూకు గంట ఆలస్యమవుతుంది. ఎనిమిదవ గంటలో సగం నిండినదని భావం కనుక అది ఏడున్నర. సందేహముంటే "జీబెన్ ఊర్ డ్రైసిష్?", అనగా "ఏడు ముప్పయ్యా?" అని మరల అడగడం మేలు.

నామవాచకాన్ని దాని లింగసూచక పదంతోను, క్రియను ఒక వాక్యంతోను కలిపి నేర్చుకుంటే ఈ తడబాటు చాలవరకు తొలగుతుంది.