మానసిక వార్డులో నర్సు: కాపలా నుంచి చికిత్స దాకా

మానసిక వైద్య చరిత్ర రాసినవాళ్లు డాక్టర్ల పేర్లు, మందుల పేర్లు వరసగా చెబుతారు. రోగి పక్కన రాత్రంతా మేలుకుని ఉన్న మనిషి పేరు మాత్రం ఎక్కడోగాని కనబడదు. డిప్రెషన్, బైపోలార్ వంటి మనోభావ రుగ్మతల విషయంలో ఇది చాలా పెద్ద లోటు. ఈ జబ్బుల్లో మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం మరొకలా ఉంటాడు. డాక్టరు రౌండుకు వచ్చి చూసేది కొద్ది నిమిషాలే. రోగి తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకేసి చూస్తూ కూర్చున్నాడన్న సంగతి నైట్ డ్యూటీ సిస్టర్‌కే తెలుస్తుంది.

మొదట్లో మానసిక ఆసుపత్రుల్లో ఉన్నది నర్సులు కాదు, కాపలాదారులు. ప్యారిస్ దగ్గరి బిసేత్ర ఆసుపత్రిలో రోగుల సంకెళ్లు తీయించిన కీర్తి డాక్టర్ పినెల్‌కు దక్కింది. కానీ 1797లో ఆ పని చేసింది వార్డుల పర్యవేక్షకుడు పుస్సాన్. ఆయన చదువుకున్న డాక్టరు కాదు. అదే ఆసుపత్రిలో గండమాలకు వైద్యం చేయించుకుని, తర్వాత అక్కడే పనిలో కుదిరినవాడు. ఆ వృత్తికి శిక్షణ రావడానికి ఇంకో ఎనభై ఐదేళ్లు పట్టింది. అమెరికాలో మెక్లీన్ ఆసుపత్రి 1882లో నర్సింగ్ స్కూలు తెరిచింది. బ్రిటన్‌లో 1885లో సహాయకుల కోసం చిన్న చేతిపుస్తకం వచ్చింది, 1891లో పరీక్షలు మొదలయ్యాయి.

1899లో జర్మనీలో మనోవైద్యుడు క్రెపెలిన్ ఉన్మాదం, విషాదం ఒకే జబ్బుకు రెండు ముఖాలని తేల్చాడు. దాంతో జబ్బుకు పేరు కుదిరింది గానీ మందు లేదు. 1938లో రోమ్‌లో షాక్ చికిత్స వచ్చింది. మన జనం నోట అది ‘కరెంటు పెట్టడం’. మత్తు ఇవ్వకుండా చేసిన ఆ తొలి రోజుల్లో ఎముకలు విరగకుండా భుజాలు, కాళ్లు అదిమి పట్టుకోవడం నర్సుల పని. 1950లలో మత్తూ, కండరాలను సడలించే మందూ తోడయ్యాక ఆ పని మారింది. రోగి ఏమీ తినలేదని నిర్ధారించుకోవడం, కట్టుడు పళ్లు తీయించడం, మెలకువ వచ్చాక ‘మీరు ఆసుపత్రిలో ఉన్నారు, నేను సిస్టర్‌ని’ అని నెమ్మదిగా చెప్పడం వాళ్ల వంతయింది.

అసలు మలుపు లిథియం అనే మందు. మెల్బోర్న్ దగ్గర బండూరాలో డాక్టర్ జాన్ కేడ్ 1948లో దీన్ని ఐదేళ్లుగా ఉన్మాదంలో ఉన్న 51 ఏళ్ల మనిషికి ఇచ్చాడు. కొన్ని నెలల్లోనే అతను ఇంటికి వెళ్లాడు. మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్లీ చేరాడు. చివరకు 1950లో ఆ లిథియమే విషమై చనిపోయాడు. రక్తంలో మందు మోతాదు కొలిచే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. విషం ఎక్కుతోందని చెప్పే గుర్తులు మంచం పక్కనే కనబడతాయి: చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం. నర్సు కన్ను ఎంత విలువైనదో నాకు ఇక్కడే బాగా అర్థమవుతుంది. రక్తపరీక్ష వచ్చాక కూడా ఆ విలువ తగ్గలేదు. రక్తంలో మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. రక్తం తీయాల్సింది ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. మన మే నెల ఎండల్లో చెమట పోసినా, విరేచనాలు పట్టుకున్నా, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి లిథియం పేరుకుంటుంది. నీళ్లు తాగించడం, ఉప్పు ఒక్కసారిగా మాన్పించకుండా చూడటం చికిత్సలో భాగమే.

1952లో అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ పుస్తకం వచ్చింది. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్స అని ఆమె వాదించింది. పుస్తకం 1948కే సిద్ధమైనా, డాక్టరు సహరచయితగా లేకుండా నర్సు ఒక్కతే రాయడమేమిటన్న అభ్యంతరంతో నాలుగేళ్లు ఆగింది. ఈ రోజు వార్డులో నర్సులు పాటించేవాటిలో చాలా భాగం ఆమె దారిలోవే. కుంగిపోయిన మనిషికి ‘ధైర్యంగా ఉండు’ అని ఉపదేశం చేయరు. మాట్లాడకపోయినా పక్కన కాసేపు కూర్చుని, మళ్లీ వస్తానని చెప్పి, చెప్పిన వేళకు వస్తారు. ఉన్మాదంలో ఉన్నవాళ్లు పళ్లెం ముందు కూర్చోలేరు కాబట్టి నడుస్తూ తినేలా చేతికి ఇడ్లీ, అరటిపండు ఇస్తారు. డిప్రెషన్ మందు మొదలెట్టిన తొలి వారాల్లో మనసు తేలికపడకముందే ఒంట్లోకి సత్తువ వస్తుంది. అప్పుడే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటపడుతుంది.

మన దేశంలో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, అంటే నేటి నిమ్హాన్స్, 1956లో సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా మొదలెట్టింది. అదే దశకంలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్, సిబ్బంది చాలక, ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి రోగుల బంధువులను కూడా ఉంచాడు. తల్లి, తమ్ముడు, భార్య అక్కడే సేవ నేర్చుకున్నారు. ఇది మనం ప్రపంచానికి ఇచ్చిన పాఠమని నా నమ్మకం. దీనికి పూర్తి విరుద్ధం కూడా మన దగ్గరే జరిగింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మత్తు లేకుండా షాక్ ఇవ్వకూడదంది. మానసిక ఆరోగ్య నర్సును ప్రత్యేక వృత్తి నిపుణురాలిగా గుర్తించి, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదు చేయాలంది. చట్టం అంత దూరం వచ్చింది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల్లోగానీ, జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలోగానీ, ఈ చదువు చదివిన నర్సును ఆ వార్డులోనే నిలపడం ప్రభుత్వాల బాధ్యత. ఇంట్లో ఎవరైనా లిథియం వాడుతుంటే డిశ్చార్జి రోజునే సిస్టర్‌ని అడిగి, పైన చెప్పిన గుర్తులు కాగితం మీద రాయించుకోండి. అవి కనబడితే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు కుంగి సాయం కావాలనిపిస్తే, 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.