కోనసీమలో ఓ శాక్రమెంటో

మా ఊరు కొడకండ్ల. అక్కడ సముద్రం అంటే సినిమాలో చూసేదే. మా టీమ్‌లో ఉన్న కోనసీమ కుర్రాడు ఓ రోజు క్లయింట్ కాల్ అయిపోయాక "మా వైపు కూడా శాక్రమెంటో ఉందండీ, లైట్‌హౌసు" అన్నాడు. జోకేమో అనుకున్నా. కాదుట. మొన్న ఉగాది సెలవులకి కెమెరా, దాంతోపాటు మా బాపుని కూడా వెంటేసుకుని బయల్దేరాను. అరవై దాటినా ఆయన సముద్రం చూడలేదు మరి.

అసలు సంగతేంటంటే, అది కాలిఫోర్నియా ఊరి పేరు కాదు, ఓడ పేరు. అమెరికా నౌకాదళం వాళ్ళ యుద్ధనౌక. 1862లో నీళ్ళలోకి దించారు, అక్కడి శాక్రమెంటో నది పేరు పెట్టారు. 1867 జూన్ 19న ఆ నది పేరున్న ఓడ మన గోదారి దగ్గరికొచ్చి ఇసుక మేటలెక్కి ముక్కలైపోయింది! అదృష్టం కొద్దీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. మేటకి ఓడ పేరు, తర్వాత కట్టిన దీపస్తంభానికి మేట పేరు నిలబడిపోయాయి.

కెప్టెన్ కథ ఇంకా తమాషా. పేరు నెపోలియన్ కాలిన్స్. 1864లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, ఏ పక్షానా లేని బ్రెజిల్ రేవులోకి దూరి శత్రువుల 'ఫ్లోరిడా' ఓడని లాక్కొచ్చేశాడు. అంతర్జాతీయ గొడవైంది. కోర్ట్‌మార్షల్‌లో దోషి అన్నారు, నౌకాదళ మంత్రి వెల్స్ ఆ తీర్పు పక్కన పడేశాడు. మనోళ్ళ భాషలో చెప్పాలంటే మేనేజర్ కాపాడాడన్నమాట :) గోదారి దగ్గర మాత్రం ఎవరూ కాపాడలేదు. మళ్ళీ కోర్ట్‌మార్షల్, ఈసారి సస్పెన్షన్. అయినా 1874కల్లా రియర్ అడ్మిరల్ అయ్యాడు లెండి.

నాకైతే కొంచెం జాలేసింది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితని కలుపుకుని, ఏటూరునాగారం మీదుగా వచ్చే గోదారి మోసుకొచ్చేది ఎంత ఒండ్రు! వరద వచ్చినప్పుడల్లా మేటలు జరుగుతాయి. పోయినేడాది గీసిన మ్యాపుకి ఈ ఏడాది విలువెంత? డాక్యుమెంటేషన్ పాతబడితే ఏమవుతుందో మనకి తెలీనిదా.

ఇదంతా ఇసుకలో నడుస్తూ బాపుకి చెప్పాను.

"ఎవలన్న సచ్చిండ్రా?"

"లేదు బాపూ."

"ఎవలు సావకున్నా దీపం పెట్టిండ్రా?" అని ఆశ్చర్యపోయాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫొటో సంగతికొస్తే, నేను చేసిన పొరపాటు మీరు చెయ్యొద్దు. నెట్‌లో గోవా ఫొటోలు చూసి సూర్యుడు సముద్రంలో దిగుతాడనుకున్నా. మనది తూర్పు తీరం, పొద్దు గుంకేది నేలవైపు. అందుకని సముద్రానికి వీపు పెట్టి, నీళ్ళు పాదాలకి తగిలేదాకా వెనక్కి జరిగితే తప్ప ఫ్రేమ్ కుదర్లేదు. ఎదురుగా కొబ్బరితోటల వెనక ఎర్రటి ఆకాశం, మధ్యలో నల్లటి గీతలా స్తంభం. పది పన్నెండు తీశాను. బాపుని నిలబడమంటే నిలబడ్డాడు గానీ అన్నిట్లోనూ ఆయన నా వెనకున్న సముద్రాన్నే చూస్తున్నాడు.