రెండో టార్పెడో

1942 నవంబరు 23. అప్పటికి రాత్రి రెండు దాటింది. సీషెల్స్ దీవులకు ఈశాన్యంగా 930 మైళ్ల దూరంలో, నడిసముద్రంలో, ‘ఎస్‌ఎస్ తిలావా’ ఒక్కసారిగా దద్దరిల్లింది. జపాన్ జలాంతర్గామి ఐ-29 వదిలిన టార్పెడో ఓడ పొట్టను చీల్చింది.

తిలావా యుద్ధనౌక కాదు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1924లో ఇంగ్లండులో కట్టించుకున్న పదివేల టన్నుల ప్రయాణికుల ఓడ. మూడు రోజుల కిందటే, నవంబరు 20న బొంబాయిలో బయలుదేరింది. మొంబాసా, లొరెన్సో మార్కెస్ (నేటి మపూటో) మీదుగా డర్బన్ చేరాలి. ఓడలో ఉన్నది 958 మంది. వారిలో 732 మంది ప్రయాణికులు, మిగతావారు సిబ్బంది, ఫిరంగుల దగ్గర మనుషులు. ఆఫ్రికాలో దుకాణాలు పెట్టుకున్న గుజరాతీలు, అక్కడ కొలువులు చేసే పంజాబీలు, భర్తల దగ్గరికి పిల్లలతో వెళ్తున్న ఇల్లాళ్లు. ఓడ దిగాల్సిన డర్బన్ తెలుగువారికీ తెలిసిన రేవే. 1860 నుంచి అర్ధ శతాబ్దం పాటు చెరకు తోటల కూలికి ఒప్పందం మీద వెళ్లిన మనవాళ్లు అక్కడే దిగారు.

సముద్రం భద్రంగా లేదని అందరికీ తెలుసు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అయినా కుటుంబాలు కలవాలంటే ఓడ తప్ప దారి లేదు. తోడుగా యుద్ధనౌక లేకుండానే తిలావా సాగింది.

టార్పెడో తగిలేది నీటిమట్టానికి దిగువన. అందుకే ఓడలో ఉన్నవారికి దాడి చేసినవాడు కనిపించడు. ఎక్కడ దెబ్బ తగిలిందో, నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియదు. ఓడ ఒక పక్కకు ఒరిగితే లైఫ్‌బోట్లు దించడమే గండం. పైకి లేచిన వైపు బోట్లు ఓడ గోడకు రాసుకుంటూ ఇరుక్కుంటాయి, కిందికి వంగిన వైపువి దూరంగా వేలాడతాయి. ఇక చీకట్లో, నిద్రమత్తులో, ఓడ ఆజ్ఞల భాష తెలియని జనం చంటిపిల్లల్ని చంకనెత్తుకుని మెట్లమీద పడ్డప్పుడు ఏమవుతుందో ఊహించవచ్చు. తిలావాలో అదే జరిగింది. తొక్కిసలాటలో, బోట్ల కోసం జరిగిన పెనుగులాటలో కొందరు అక్కడికక్కడే నీటిపాలయ్యారు.

అయితే ఓడ వెంటనే మునగలేదు. చాలాసేపు నీటిమీద నిలిచే ఉంది. అది చూసి బోట్లలోకి దిగిన వారికి ప్రాణం లేచివచ్చింది. నిలబడింది కదా, ఇక మునగదేమో అన్న ఆశతో కొందరు తిరిగి ఓడ దగ్గరికి మళ్లారు. డబ్బు, నగలు, కాగితాలు, వదిలేసి వచ్చిన మూటలు అందులోనే ఉన్నాయి. ఆస్తి అంతా ట్రంకు పెట్టెలో పెట్టుకుని దేశం దాటేవారికి ఆ పెట్టెను వదులుకోవడం తేలిక కాదు. దాన్ని దురాశ అనకూడదు. సరిగ్గా అప్పుడు రెండో టార్పెడో తగిలింది. సాయం కోసం సంకేతాలు పంపుతూ తన చోటు వదలని రేడియో ఆఫీసర్ ఇ.బి. డంకన్ ఓడతోపాటే వెళ్లిపోయారు. తిలావా మునిగిపోయింది.

మిగిలినవారు రెండు రోజులు బోట్లలో, తెప్పలమీద, చేతికందిన చెక్కలు పట్టుకుని గడిపారు. డంకన్ బృందం పంపిన సంకేతం వృథా పోలేదు. నవంబరు 25న బ్రిటిష్ యుద్ధనౌక ‘బర్మింగ్‌హామ్’ వచ్చి వందలాది మందిని పైకి తీసుకుంది. మరికొందరిని ‘కార్తేజ్’ అనే ఓడ కాపాడింది. మొత్తం బతికి బయటపడింది 678 మంది. 280 మంది తిరిగి రాలేదు.

చరిత్ర ఇక్కడితో ఆగలేదు. అయిదు నెలల తర్వాత, 1943 ఏప్రిల్ చివర్లో, మడగాస్కర్ దగ్గర సముద్రంలో ఒక జర్మన్ జలాంతర్గామి నుంచి సుభాష్ చంద్రబోస్‌ను, ఆయన వెంట ఉన్న హైదరాబాదీ అబిద్ హసన్‌ను రబ్బరు తెప్పమీదుగా ఎక్కించుకున్నది ఇదే ఐ-29. కెప్టెన్ కూడా అప్పటివాడే, ఇజు జుయిచి. స్వాతంత్ర్య పోరాటంలో మనం గర్వంగా చెప్పుకునే ప్రయాణాన్ని మోసిన జలాంతర్గామే 280 మందిని ముంచింది. ఈ రెండు నిజాల్లో ఒకటి చెప్పి ఒకటి దాచడం న్యాయం కాదు. 1944 జులైలో అమెరికన్ జలాంతర్గామి ‘సాఫిష్’ టార్పెడోలకు ఐ-29 కూడా మునిగింది. అందులో బతికింది ఒక్కరే.

తిలావాలో మనుషులతోపాటు వెండి కూడా ఉంది. దక్షిణాఫ్రికా నాణేల కోసం కొన్న 2,364 కడ్డీలు. 2017లో ఒక సంస్థ రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి వాటిని పైకి తీసింది. అవి ఎవరివన్న వ్యాజ్యం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కోర్టు 2024 మేలో దక్షిణాఫ్రికా వాదనను సమర్థించింది. అడుగున పడి ఉన్న వెండి కోసం ఇంత ఓపికగా, ఇంత లెక్కగా వెతికారు. అదే చోట పోయిన మనుషుల కోసం ముంబయిలో ఒక స్మారక సభ జరిగింది 80 ఏళ్ల తర్వాత, 2022 నవంబరు 23న. అది కూడా బాధితుల వారసుల చొరవతోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో మనవాళ్ల బలిదానం అంటే బర్మా, ఆఫ్రికా, ఇటలీ రణరంగాల సైనికులే గుర్తొస్తారు. తుపాకీ పట్టకుండా, టికెట్టు కొనుక్కుని ఎక్కిన ఓడలో చనిపోయినవారు ఆ లెక్కలోకి రారు. రావాలి. తిలావా మృతుల జాబితా పూర్తిగా అందరికీ అందుబాటులో ఉండాలి. మన పిల్లల చరిత్ర పాఠంలో ఆ ఓడకు కనీసం ఒక పేరా చోటు దొరకాలి. ప్రాణాలతో బయటపడినప్పుడు పసిబిడ్డలుగా ఉన్నవారే ఇప్పుడు ఎనభై దాటారు. వారు చెప్పేది రాసుకోవడానికి మిగిలిన కాలం తక్కువ, ఆ పని ఇప్పుడే జరగాలి.