స్కైలాబు, సూర్యగ్రహణం, మా బడి బోరింగు

కలిసి చదువుకున్నవాళ్ళు చాలా యేళ్ళ తరువాత ఒకచోట చేరితే ఏం మాట్లాడుకుంటారో ముందే చెప్పవచ్చు. లెక్కల సారు బెత్తం, గోడకుర్చీ, గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న సైకిలు, ఎవరో ఎవరికో వ్రాసి ఇవ్వకుండానే చింపేసిన ఉత్తరం. ఈ ముచ్చట్లను చరిత్ర అని ఎవరూ అనరు. చరిత్ర అంటే మనకు రాజులు, యుద్ధాలు, ఎన్నికలు, ఆనకట్టలు. అయితే ఒకే గదిలో, ఒకే వయసులో, ఒకే యేడాదిని చూసిన నలభై మంది జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాలం గూర్చి పాఠ్యపుస్తకంలో లేని సంగతి ఏదో ఒకటి బయటపడుతుందని నా నమ్మకం. అందరూ చెప్పేదేమిటో, ఎవరూ చెప్పనిదేమిటో రెండూ చూడాలి, అంతే.

మాది నల్లగొండ జిల్లాలో పడమటి దిక్కు. మెట్ట ప్రాంతం. మండలాలు ఇంకా పుట్టని రోజులు. మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. 1979 జూన్‌లో పదో తరగతిలో కూర్చుని, 1980 వేసవిలో పబ్లిక్ పరీక్షలు వ్రాసినవాళ్ళం మేము. మా ముందు తరంవారికి పదకొండో తరగతి కూడా ఉండేది. 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చాక బడి చదువు పదితో ముగియసాగింది. ఆ పరీక్ష దాటితే పట్నం, కాలేజీ, ఉద్యోగం. దాటకపోతే మళ్ళీ చెలక, బర్రెలు. 1981 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవను వ్రాయను వచ్చినవారు నూటికి సుమారు 30 మంది, ఆడవారిలోనైతే 20 మంది. మా తరగతిలో ఆడపిల్లలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

2022లో మేము మళ్ళీ కలుసుకున్నాము. ఆ రోజు ఎవరెవరు ఏమేం చెప్పారో వ్రాసుకొని, తరువాత వాటిని ఆనాటి తేదీలతో సరిచూశాను. ఇది ఆ సరిచూపు ఫలితమే.

మొట్టమొదట అందరి నోటా వచ్చింది స్కైలాబు. మీలో ఆ యేడాదికి ఊహ తెలిసినవారెవరైనా ఉంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు! 1973 మే 14న అమెరికా అంతరిక్షంలోకి పంపిన ప్రయోగశాల అది. బరువు 77 టన్నుల దాకా ఉండేది. 1974 ఫిబ్రవరి తరువాత అందులో మనుషులు లేరు. సూర్యుడి మీద అలజడి ఎక్కువై, భూమి పైపొరల్లోని గాలి వేడెక్కి ఉబ్బింది. ఆ రాపిడికి స్కైలాబు అనుకున్నదానికంటే ముందే కిందికి జారింది. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆ చెప్పలేకపోవటమే మా ఊళ్ళో "మన మీదనే పడతది" అయింది.

మావాడొకడు చెప్పాడు: "మా అయ్య ఉన్న ఒక్క పొట్టేలునూ కోయించిండు. ఎట్లైనా సచ్చుడే గదా, తిని సద్దాం అన్నడు." ఇంకొకడి ఇంట్లో విత్తనాలకని దాచిన వేరుశనగలు వేయించుకు తిన్నారట. లెక్కల సారును ఒకడు ధైర్యం చేసి అడిగాడు, రేపో మాపో స్కైలాబు పడుతుంటే ఈ లెక్కలెందుకు సార్ అని. "పడెదాక చెయ్‌రా" అన్నారాయన. 1979 జులై 11, బుధవారం. మన కాలమానం ప్రకారం రాత్రి పది దాటాక అది గాలిలో ముక్కలై, కొంత హిందూ మహాసముద్రంలోను, కొంత పడమటి ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ పరిసరాల్లోను పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ ఊరి పదిహేడేళ్ళ కుర్రవాడొకడు తమ పెరట్లో దొరికిన ముక్కలు పట్టుకుని అమెరికా వెళ్ళి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమానం తీసుకున్నాడు. మా ఊళ్ళో మర్నాడు బడి మామూలుగానే తెరిచారు. లెక్కలు చెయ్యనివాళ్ళు దెబ్బలు తిన్నారు.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. సరిగ్గా నెల తరువాత, ఆగస్టు 10న, మన శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి-3 అనే రాకెట్టును తొలిసారి ప్రయోగించారు. అబ్దుల్ కలాం దానికి సారథి. అది దారి తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జులై 18న రెండో ప్రయత్నం ఫలించి, రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అమెరికావారి వస్తువు పడిన సంగతి మావాళ్ళకు నిమిషాలతో సహా గుర్తుంది. మన తెలుగు నేల మీదినుంచి లేచినది పడటం గానీ, మళ్ళీ లేవటం గానీ ఒక్కరి నోటా రాలేదు. కారణం కష్టమైనది కాదు. రాకెట్టు వల్ల మా ఊళ్ళో ఎవరూ పొట్టేలును కోయలేదు!

తరువాత ఎన్నికలు. 1980 జనవరి మొదటి వారంలో లోక్‌సభకు పోలింగు. మా బడే పోలింగు కేంద్రం, సార్లే అధికారులు, కాబట్టి మాకు సెలవులు. ఇందిరాగాంధీ పక్కనున్న మెదక్ నుంచి నిలబడి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 ఆమె పార్టీవే. మావాళ్ళ జ్ఞాపకంలో ఇదంతా లేదు. సిరాబుడ్డి కోసం కొట్టుకున్నది ఉంది.

ఇక ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటక తీరాన నేల తాకి, రాయచూరు మీదుగా మా జిల్లా నడిమధ్యనుంచి సాగి, ఒరిస్సాలో కోణార్క దగ్గర సముద్రం చేరింది. మాకు పడమట, హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి వేధశాల ఆ నీడ దారిలోనే ఉంది. ఆ రెండు నిమిషాల చిల్లర చీకటి కోసం శాస్త్రజ్ఞులు సముద్రాలు దాటి వచ్చారు. నీడ కింద పుట్టి పెరిగిన మేము మాత్రం తలుపులు వేసుకుని కూర్చున్నాము. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. వండిన కూరల్లో గరిక వేశారు. సైన్సు సారు చెప్పిన మాట విని వేపచెట్టు కింద నేలమీద నెలవంకల్లాంటి వెలుగు మరకలను చూసినవాడు మా తరగతి మొత్తానికీ ఒక్కడే. ఒకామె తలుపు సందులోంచి చూసిందట. మధ్యాహ్నం మూడున్నర దాటాక వాకిలి మసకబారి, కోళ్ళు గంప కిందికి నడిచిపోయాయట.

ఆమే ఇంకొక మాట కూడా చెప్పింది. "మా అక్క అప్పుడు కడుపుతోటి ఉండె. కదలొద్దు, గోక్కోవద్దు, పిల్లకు మొర్రి అయితదని గోడ దిక్కు తిప్పి పండుకోబెట్టిన్రు. పిల్ల మంచిగనే పుట్టింది. మొర్రి రాలే. తర్వాత పళ్ళు గారపట్టినయి గానీ, అది అందరికున్నదే గదా."

అందరికున్నదే గదా! ఆ మాట ఎవరినీ ఆపలేదు. ముచ్చట బోరింగు మీదికి మళ్ళింది.

బోరింగు అంటే మా వైపు చేతిపంపు. బడి ముందర ఉండేది. విరామం గంట కొట్టగానే పరుగు. ఒకడు కొడుతుంటే ఇంకొకడు దోసిలి పట్టి తాగటం, కొట్టేవాడు మధ్యలో ఆపి బేరమాడటం, అంగీలన్నీ తడవటం. "ఆ నీళ్ళంత రుచి మళ్ళ యాడ దొరకలే" అన్నాడు దుబాయి వెళ్ళి వచ్చిన మిత్రుడు. అందరూ ఔనన్నారు. ఔనన్నవారిలో ఒకడు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు. నలుగురూ చాప మీదికి చేరినా అతను చేరలేదు. మోకాళ్ళు వంగవు. మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అతనికీ మాకూ ఒకటే వయసు.

ఆ ఊళ్ళ నీటి సంగతి చరిత్రకు తెలియనిది కాదు. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు పాడయ్యే రోగం మన దేశంలో ఉన్నదని వైద్యులు 1937లోనే వ్రాశారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి వ్రాసిన సంగతి అది. తరువాత నల్లగొండ పేరు ముందుకు వచ్చింది. మా నేల అడుగున ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతి ఖనిజాల్లోని ఫ్లోరైడు, రాతిలో చాలాకాలం నిలిచిన నీటిలోకి దిగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావటంతో అది మరింత చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ప్రమాదమంటారు. చేదబావులు ఎండిన చోటల్లా కరువు కాలంలో రిగ్గులు వచ్చి లోతుకు తవ్వాయి. నీళ్ళు పడిన రోజున కొబ్బరికాయ కొట్టారు. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. దాన్ని అనుమానించటానికి ఏ కారణమూ కనిపించదు.

ఫ్లోరైడు ముందుగా పట్టుకునేది పిల్లలనే. చిగురులో ఉన్న పళ్ళ పింగాణీని పాడుచేస్తుంది. పాలపళ్ళు ఊడి వచ్చే పళ్ళు గారతో వస్తాయి. ఎముకలను పట్టటానికి యేళ్ళు పడుతుంది. వంగిన ఎముకను తిరిగి చక్కచేసే మందు లేదు. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ సంస్థవారు 1970 దశకంలో పటిక, సున్నం కలిపి ఈ నీటిని శుద్ధిచేసే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. మా జిల్లా పేరు అలా ప్రపంచంలోని నీటి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. మేము బోరింగు దగ్గర దోసిలి పట్టిన కాలమూ అదే.

అదే జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిర కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండింది. పడమటి మెట్టకు ఆ నీళ్ళు ఎక్కలేదు. ఈ ఆనకట్ట గూర్చి సోషల్ పాఠంలో మేము చదివాము, మార్కులూ తెచ్చుకున్నాము.

ఆ యేడాది తీయించుకున్న గ్రూపు ఫోటో ఒకటి ఉంది. డబ్బులివ్వలేక కొందరు అందులో లేరు. ఉన్నవారిలో పళ్ళు కనబడేలా నవ్వినవాడు ఒక్కడూ లేడు. ఆనాటి ఫోటోలన్నీ అంతే, బిగుసుకుని నిలబడేవాళ్ళం అని మీరనవచ్చు. నిజమే కావచ్చు. అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వటం మా ఆడపిల్లలకు సిగ్గువల్ల వచ్చిందని ఆనాటి సార్లు అనుకునేవారు. ఈ వయసులోనూ వాళ్ళు అలాగే నవ్వుతున్నారు.

ఇంతకూ మా జ్ఞాపకాల్లో స్కైలాబు ఎందుకు నిలిచింది, నీళ్ళు ఎందుకు జారిపోయాయి? నాకు తోచిన జవాబు ఇది. స్కైలాబుకు ఒక తేదీ ఉంది, ఒక గంట ఉంది, రేడియో వార్త ఉంది. గ్రహణానికి పంచాంగం ఉంది. నీళ్ళకు తేదీ లేదు. ఏ రోజు దోసిలితో మోకాలు పాడయిందని చెప్పగలం? జ్ఞాపకమూ చరిత్ర లాగానే తేదీలను పట్టుకుని వేలాడుతుంది. తేదీ లేని కష్టం మెల్లగా అలవాటవుతుంది, అలవాటు "అందరికున్నదే" అవుతుంది. మొర్రికి భయపడి గోడ దిక్కు తిరిగి పడుకున్న ఆ గర్భిణికి గ్రహణం విడిచాక దాహమని ఇచ్చిన నీళ్ళు కూడా బోరింగువే అయి ఉంటాయి.

ఆ నీళ్ళకు ఒక తేదీ సంపాదించిపెట్టినవారు తరువాత వచ్చారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేశారు. జలసాధన సమితివారు జిల్లా నీటి కష్టం దేశానికి తెలియాలని వందలమంది చేత నామినేషన్లు వేయించారు. బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. అక్కడ ఎన్నికనే వాయిదా వెయ్యవలసివచ్చింది. అదే యేడాది లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీటి కథ ఎన్నికల చరిత్రలో ఒక వింతగా మిగిలింది. నీళ్ళు రావటానికి ఇంకా చాలా యేళ్ళు పట్టింది. కృష్ణ నీటి పథకాలు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వచ్చాక మా పల్లెల్లో నదినీళ్ళు కుళాయిలో చూశారు. ఇప్పటి పిల్లలు పళ్ళు కనబడేలా నవ్వుతారు. వాళ్ళ అమ్మమ్మల మోకాళ్ళు మాత్రం వంగినట్టే ఉన్నాయి.

మా ముచ్చట్లను తప్పుపట్టాలని నా ఉద్దేశం కాదు. పొట్టేలు కథ విని నేనూ కడుపుబ్బ నవ్వాను. ఆ బోరింగు చుట్టూ ఉన్న స్నేహం నిజం, ఆ తడిసిన అంగీలు నిజం. వాటి పక్కనే నీటి సంగతి కూడా వ్రాసిపెట్టాలని మాత్రమే నా కోరిక. లేకుంటే మా తరగతి చరిత్రలో పడని స్కైలాబు మిగులుతుంది, పడిన దెబ్బ మిగలదు.

మీరంతా తలా ఒక ఊళ్ళో చదువుకున్నవారు. మీ పాత మిత్రులు ఈసారి కలిసినప్పుడు బెత్తం కథలు, సినిమా కథలు అయ్యాక ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి: మన బడిలో మనం తాగిన నీళ్ళు ఎక్కడివి? ఎవరు ఏం చెబుతారో, ఎవరు మాట మారుస్తారో వ్రాసి పెట్టుకోండి.