ఏడేళ్ళ పీహెచ్‌డీ

గుడియాత్తంలో పెరిగిన మా చెల్లెలు రాయవేలూరులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తా ఉంది. ఇది ఐదో ఏడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడల్లా "ఇంకా కాలేదా?" అని అందరం అడిగినోళ్ళమే.

తమిళ మీడియంలో చదివిన మాకు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఆలస్యంగా తెలిసింది. భీమవరంలో పుట్టిన ఆయన 1923లో బోస్టన్ చేరారు. మన ఊరి అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో భాస్వరం ఉంటుంది కదా, అదే భాస్వరం రక్తంలో ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చారు. హార్వర్డ్ పీహెచ్‌డీ చేతికొచ్చింది మాత్రం 1930లో. పట్టా కంటే పనే ముందు లోకానికి అందింది.

ఈసారి పండక్కి చెల్లెల్ని "ఎప్పుడైపోతుంది?" అని అడగం. "ఏం కనుక్కున్నావమ్మా?" అని అడుగుతాం.