పాట అందరి ముందు, లెక్క ముంబయిలో

అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు లాంటి ఊళ్లలో పొదుపు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది చీటీ. ఎవరు ఎంతకు పాడారో, తక్కినవాళ్లకు డివిడెండు ఎంత పడిందో పాటకు కూర్చున్నవాళ్లందరికీ అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ పాట మినిట్స్ నకలును 21 రోజుల్లో రిజిస్ట్రారుకు అందజేయాలని 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం చెబుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మెట్టసీమ ఇది. శెనక్కాయ ఏ ఏడు చేతికొస్తుందో, ఏ ఏడు చేనులోనే ఎండుతుందో ముందే చెప్పలేరు. అలాంటి చోట మిగిలిన నాలుగు రూపాయలు ఎక్కడున్నాయో కళ్లారా చూసుకోవాలనుకోవడంలో వింతేముంది?

మ్యూచువల్ ఫండ్లలో మాత్రం ఈ చూసుకునే హక్కు రావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

1964లో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా (యూటీఐ) తన తొలి పథకం యూఎస్-64ను తెచ్చింది. యూనిట్‌ను ఎంతకు అమ్మాలో, ఎంతకు తిరిగి కొనాలో ట్రస్టే నిర్ణయించి ప్రకటించేది. ఆ ధర వెనకున్న షేర్లు, బాండ్ల అసలు విలువ ఎంతో మదుపుదారుకు చెప్పేది కాదు. అడిగినవాళ్లూ తక్కువే. గవర్నమెంటుది కదా, ఎక్కడికి పోతుంది అన్న ధీమా ఒక్కటే అప్పటి ఆడిట్ రిపోర్టు! ఏటా డివిడెండు వస్తుండటంతో రిటైరైన ఉద్యోగులకు అది పింఛనుకు తోడుగా నిలిచింది.

1987లో ప్రభుత్వ బ్యాంకుల ఫండ్లు, 1993లో ప్రైవేటు ఫండ్లు రంగంలోకి దిగాయి. 1993లో తెచ్చిన నిబంధనలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1996లో పూర్తిగా తిరగరాసింది. ఎన్‌ఏవీ, అంటే యూనిట్ నికర విలువను కనీసం వారానికోసారి రెండు దినపత్రికల్లో వేయాలంది. ఆరు నెలలకోసారి లెక్కలు ప్రచురించాలంది. వార్షిక నివేదికను గానీ దాని సారాంశాన్ని గానీ ప్రతి మదుపుదారుకూ పంపాలంది. సొంత చట్టం కింద నడిచే యూఎస్-64 మాత్రం ఈ వెలుగు పడని మూలనే ఉండిపోయింది.

1998లో ఆ మూల చీకటి బయటపడింది. పథకం నిల్వలు వెయ్యి కోట్లకు పైగా లోటులో ఉన్నాయని తేలింది. దీపక్ పరేఖ్ కమిటీ మూడేళ్లలో ఎన్‌ఏవీ ఆధారిత ధరకు మారమని సలహా ఇచ్చింది. ఆ మూడేళ్లు గడిచేలోపే, 2001 జులై 2న, యూఎస్-64 అమ్మకాలు, తిరుగు కొనుగోళ్లు ఆగిపోయాయి. పది రూపాయల యూనిట్ నికర విలువ ఆరు రూపాయలు కూడా లేదన్న సంగతి 2002 జనవరిలో గానీ జనానికి తెలియలేదు. 2003లో యూటీఐ రెండు ముక్కలైంది. విలువ పడిపోవడం మార్కెట్లో మామూలే. పడుతున్నంత కాలం చెప్పకపోవడమే ఇక్కడ అసలు తప్పు.

ఆ తర్వాత వచ్చిన నియమాల్లో చాలావాటికి ముందు ఏదో ఒక దెబ్బ కనిపిస్తుంది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడ్డప్పుడు, తమ ఫండ్‌లో ఆ షేరు ఎంతుందోనని మదుపుదారులు వెతుక్కున్నారు. నిబంధన ప్రకారం పోర్ట్‌ఫోలియో, అంటే ఫండ్ చేతిలోని షేర్లు, బాండ్ల పట్టికను అప్పటికి ఆరు నెలలకోసారే చూపాలి. కొన్ని సంస్థలు మాత్రం నెలనెలా ఫ్యాక్ట్‌షీట్ ఇచ్చేవి. 2012లో సెబీ నెల ముగిసిన పది రోజుల్లో పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్‌లో పెట్టాలంది. 2016 నుంచి ఏజెంటుకు ముట్టిన కమీషనూ స్టేట్‌మెంట్‌లో కనిపించసాగింది. 2020 ఏప్రిల్ 23న, లాక్‌డౌన్ నడుమ, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఫండ్ సంస్థ ఆరు డెట్ (బాండ్లలో మదుపు చేసే) పథకాలను మూసేసింది. ఆ ఏడు అక్టోబరు నుంచి డెట్ పథకాలు పక్షానికోసారి పోర్ట్‌ఫోలియో చూపాల్సి వచ్చింది. నష్టభయాన్ని బొమ్మలో చూపే రిస్కోమీటరు 2015లో వచ్చి, 2021లో ఆరు మెట్లకు పెరిగింది.

ఈ నియమాల నీడ కూడా పడని చోట ఏమవుతుందో రాయలసీమకు అగ్రిగోల్డ్ చూపించింది. అది మ్యూచువల్ ఫండ్ కాదు. స్థలాల ఆశ చూపి ఏజెంట్ల ద్వారా డిపాజిట్లు పోగేసిన కంపెనీ. సుమారు 32 లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా వసూలైంది. డబ్బు ఎక్కడ పెట్టారో నెలనెలా చూపే పట్టిక వాళ్లెవరికీ అందలేదు. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పది వేల లోపు డిపాజిట్లు తిరిగి చెల్లించినప్పుడు, ఒక్క అనంతపురం జిల్లాలోనే 20 వేల మందికి పైగా ఆ జాబితాలో ఉన్నారు. పది వేల లోపు అంటే రోజుకూలీలు, చిన్న దుకాణదారులు, మగ్గం మీద బతికేవాళ్లు దాచుకునే సొమ్ము.

మరి నియమాలన్నీ వర్తించే ఫండ్ల లెక్క ఈ మెట్టసీమ దాకా వచ్చిందా? కాగితంగా వచ్చింది. దేశంలోని ఎన్నో ఫండ్ల ఖాతా స్టేట్‌మెంట్లు హైదరాబాద్‌లోని కేఫిన్ టెక్నాలజీస్ నుంచే వెళ్తాయి. భాషగా మాత్రం రాలేదు. 1996 నిబంధనలు అర్ధ సంవత్సర ఫలితాల ప్రకటనకు ఒక ఇంగ్లిష్ పత్రికను, ఫండ్ ప్రధాన కార్యాలయం ఉన్న ప్రాంతపు భాషలో ఇంకో పత్రికను అడిగాయి. ఎక్కువ ఫండ్ల ప్రధాన కార్యాలయం ముంబయిలో. కాబట్టి ఆ భాష మరాఠీ. మదుపుదారు ఏ భాషవాడన్నది నిబంధన అడగనే లేదు. 2018లో కాగితం తగ్గించే పేరుతో నియమాలు సవరించినప్పుడు, పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్‌లో ఉందని చెప్పే ప్రకటన ఇంగ్లిష్, హిందీ పత్రికల్లో ఉంటే చాలన్నారు. మ్యూచువల్ ఫండ్ మంచిదే రండి అని పిలిచే ప్రచారం మాత్రం చక్కటి తెలుగులో సాగుతోంది.

పెద్ద పట్టణాల అవతలి నుంచి డబ్బు తెస్తే అదనపు ఖర్చు వేసుకోవచ్చని 2012లో సెబీ ఫండ్లకు వెసులుబాటు ఇచ్చింది. అనంతపురం లాంటి ఊళ్ల డబ్బు కోసం అంత ఆరాటపడ్డప్పుడు, ఆ ఊళ్లకు అర్థమయ్యే లెక్క కోసమూ కొంత పడాల్సింది. అందుకు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇంగ్లిష్, హిందీ పత్రికల పక్కన మదుపుదారు రాష్ట్ర భాషలో ఒక పత్రికను చేర్చాలి, నెలవారీ పట్టికకు తెలుగులో ఒక పేజీ సారాంశం జతచేయాలి. ఏ రాష్ట్రం నుంచి ఎంత సొమ్ము వచ్చిందో ఫండ్ సంస్థలు 2014 నుంచి నెలనెలా ప్రకటిస్తూనే ఉన్నాయి. ఎక్కడ ఏ భాష కావాలో వాళ్లు కొత్తగా కనుక్కోనక్కర్లేదు.