దారిదోపిడీ నుండి హరమ్ నీడకు



హిజ్రీ రెండవ శతాబ్దంలో ఖురాసాన్‌లోని అబీవర్ద్, సరఖ్స్ పట్టణాల నడుమ రాత్రివేళ పయనించడానికి బిడారులు జంకేవి. ఆ దారిలో ఫుజైల్ బిన్ అయాజ్ దోపిడీ చేసేవారు.

చరిత్రకారులు నమోదు చేసిన ప్రకారం, ఒక రాత్రి ఆయన తాను మోహించిన స్త్రీ కోసం గోడ ఎక్కుతుండగా ఖుర్ఆన్ పారాయణం వినిపించింది. అది విశ్వాసుల హృదయాలు అల్లాహ్ స్మరణకు ఇంకా కరగలేదేమని నిలదీసే అల్ హదీద్ సూరాలోని 16వ ఆయత్. ఆయన అక్కడి నుండే వెనుదిరిగారు. తలదాచుకోవడానికి ఒక పాడుబడిన కట్టడంలోకి వెళితే, అక్కడ కొందరు బాటసారులు ఫుజైల్ భయంతో తెల్లవారేదాకా కదలవద్దని చెప్పుకుంటున్నారు. తన మూలంగా తోటి ముస్లిములు ఇంతగా భీతిల్లుతున్నారని గ్రహించి ఆయన కుమిలిపోయారు. ఆ రాత్రే తౌబా చేసుకున్నారు.

ఆయత్ ఆయనకు అల్లాహ్ పట్ల తన అపరాధాన్ని చూపింది. బాటసారుల మాటలు మనుషులకు తాను చేసిన కీడును చూపాయి. నిజమైన తౌబాకు ఈ రెండు ఎరుకలూ అవసరమే. దారిదోపిడీ చేసినవారు పట్టుబడక ముందే పశ్చాత్తాపపడితే వారికి మన్నింపు ఉందని అల్ మాయిదా సూరాలోని 34వ ఆయత్ తెలుపుతోంది. అయినా కాజేసిన సొమ్ము హక్కుదారునికి చేరవలసిందేనని ధర్మవేత్తలు స్పష్టం చేశారు.

తరువాత ఆయన కూఫా చేరారు. మన్సూర్ బిన్ ముఅతమిర్, ఆమష్ వంటి విద్వాంసులు ఆయనకు హదీసు బోధించారు. పిమ్మట మక్కాలో స్థిరపడి, హిజ్రీ 187లో (క్రీ.శ. 803) అక్కడే కన్నుమూశారు. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్, ఇమామ్ షాఫయీ వంటి మహనీయులు ఆయన వద్ద హదీసు విన్నారు.

హదీసువేత్తలు ప్రతి ఉల్లేఖకుని సత్యసంధతను ఎంత నిశితంగా పరీక్షించేవారో మీకు తెలుసు. అటువంటివారు ఆయనను విశ్వసనీయుడని అంగీకరించారు. బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో ఆయన ఉల్లేఖనాలకు చోటు దక్కింది. నాడు కూఫా విద్వాంసులు గతాన్ని ఎత్తిచూపి తలుపు మూసి ఉంటే, ఉమ్మత్ ఒక ఇమామ్‌ను పోగొట్టుకుని ఉండేది.

నేడు జైలు నుండి విడుదలైన సోదరుడు మస్జిదుకు వస్తే ఎందరం అతని పక్కన భుజం కలిపి నిలబడుతున్నాం? ఎందరం పని ఇస్తున్నాం? అతని బిడ్డలకు సంబంధం కుదరనివ్వని మాటలు మన నోట రావడం లేదా? న్యాయస్థానం వేసిన శిక్షకు గడువు ఉంది. మనం వేసే శిక్షకు గడువే ఉండడం లేదు. నష్టపోయినవారి హక్కును మరవకండి. దాన్ని తీర్చేందుకు అతనికి తోడ్పడండి. అయితే అల్లాహ్ తెరచి ఉంచిన ద్వారానికి మనం అడ్డు నిలబడరాదు.

అల్లాహ్ మన తౌబాను స్వీకరించుగాక! మరలివచ్చిన వారిని అక్కున చేర్చుకునే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.